చిన్నప్పుడు చదివిన ఆ రాకెట్ బొమ్మల కథ ఏది? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జైపూరు, మల్కనగిరి. ఈ ఊళ్లలో పెరిగిన తెలుగువాళ్లలో చాలామందికి చిన్నప్పటి బొమ్మల కథ ఒకటి సగం సగంగా మనసులో ఉండిపోయింది. ఒక రాకెట్టు, ఎర్రటి నేల, తలకి గాజు బుడ్డి తొడుక్కున్న మనిషి. పేరు గుర్తురాదు, ఎలా ముగిసిందో గుర్తురాదు. పిల్లలకి చెబుదామని మొదలుపెడితే మధ్యలోనే ఆగిపోతుంది. పాత కామిక్స్ పోగుచేసే అలవాటు ఉంది కాబట్టి నన్ను ఇలాంటివి అడిగేవాళ్లు ఎక్కువ. పదేపదే వచ్చే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇలా వెతకడం పనిలేనివాళ్ల పనిలా కనిపించినా, అవసరమైన పనే అని నా గట్టి నమ్మకం. మన సరిహద్దు ఊళ్లలో పిల్లలు ఏం చదువుకుని పెరిగారో రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఒక్కో పుస్తకం దొరికినప్పుడే ఆ సంగతి కాస్త కాస్తగా తెలుస్తుంది.

పేరూ తెలీదు, ఎవరు రాశారో తెలీదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోన్ పక్కన పెట్టి కాగితం, పెన్సిల్ తీసుకోండి. వెతకడానికి ముందే గుర్తున్నదంతా కాగితం మీదికి రావాలి. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు, వంకరటింకరగానైనా వేయండి. రాకెట్టు ఎటు తిరిగి ఉంది, పేజీలో పైన ఉందా కింద ఉందా, పక్కన ఎవరున్నారు. పుస్తకం అరచేతిలో పట్టేంతదా, బడి నోటుబుక్కంతదా. లోపలంతా రంగులేనా, లేక అట్ట ఒక్కటే రంగుల్లో ఉండి లోపల నలుపూ తెలుపేనా. చదివింది ఎవరింట్లో, ఎండాకాలం సెలవుల్లోనా దసరా సెలవుల్లోనా.

రాశాక ఒక్కో వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: ఇది నేను కళ్లారా చూసింది, ఇది నేను అనుకుంటున్నది, ఇది తర్వాత ఇంకెవరో చెప్పింది. ఈ మూడూ కలిసిపోతే వెతుకులాట దారి తప్పుతుంది. కేంబ్రిడ్జ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వేసిన పుస్తకంలో ఇలాంటి సంగతే ఉంది. ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు వాళ్లకి చదవమని ఇచ్చి, కొన్నాళ్లు పోయాక మళ్లీ చెప్పించాడు. వాళ్లకి అలవాటు లేని వస్తువులు పోయి, ఆ చోట్లో అలవాటైనవి వచ్చి కూర్చున్నాయి. ఆదివాసుల దోనె కాస్తా మామూలు పడవ అయిపోయింది. మనమైనా అంతే. ఇంటర్నెట్‌లో నాలుగు రాకెట్ బొమ్మలు చూశారంటే మీ రాకెట్టు కూడా మెల్లగా వాటిలాగే మారిపోతుంది. అందుకే ముందు కాగితం.

తెలుగులోనే చదివానని గట్టిగా గుర్తు. కానీ తెలుగు పుస్తకాల్లో ఎంత వెతికినా దొరకడం లేదు. ఎందుకు?

మన వైపు ఇదే అన్నిటికన్నా పెద్ద చిక్కు. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

గంజాం, కోరాపుట్ ప్రాంతాలు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఆ రోజు ఒడిశా వేరే రాష్ట్రమైంది. ఇళ్లలో మాట మాత్రం తెలుగుగానే ఉంది. బడిలో ఒడియా, రేడియోలోనూ టీవీలోనూ హిందీ, హౌరా బండిలో వచ్చే చుట్టాల సంచుల్లో బెంగాలీ. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్లవాడు కథ ఏ భాషలో చదివినా, అది మనసులో ఇంటి భాషలోనే స్థిరపడుతుంది.

పైగా అప్పట్లో బొమ్మల పుస్తకం ఒక్కరే చదివేవాళ్లు కాదు. అరుగు మీద అక్క కూర్చుని, పాత్రల మాటలు రాసి ఉండే హిందీ బుడగలు చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెబుతుంటే, పక్కన తమ్ముడు బొమ్మలు చూసేవాడు. నలభై ఏళ్ల తర్వాత ఆ తమ్ముడికి గుర్తున్నది అక్క మాట. నౌక కూలిపోతుంటే అంతరిక్ష యాత్రికుడు “ఒరే, పడిపోతోందిరా!” అని అరిచినట్టు గుర్తుంటుంది. నిజానికి అరిచింది అక్క.

కాబట్టి భాషను పక్కనపెట్టి బొమ్మని పట్టుకోండి. బుడగల్లో మాటలు చెరిపి వేరే భాషలో రాస్తారు గానీ బొమ్మ మారదు. భాష తేల్చుకోవడానికి ఒక ఉపాయం ఉంది. తెలుగు, ఒడియా, హిందీ, బెంగాలీ, ఇంగ్లీషు పేజీలు ఒక్కోటి ముందు పెట్టుకుని, చదవకుండా కళ్లు కొంచెం చిట్లించి చూడండి. హిందీ, బెంగాలీ అక్షరాల పైన అడ్డగీత ఉంటుంది. ఒడియా అక్షరాలు పైన గుండ్రంగా గొడుగు పట్టినట్టు ఉంటాయి. తెలుగుకి తలకట్టు. ఇంగ్లీషు కామిక్స్‌లో మాటలన్నీ పెద్దక్షరాల్లోనే ఉంటాయి. “బుడగలు ఇలా కనిపించేవి” అని మనసు ఒకదాని దగ్గర ఆగుతుంది. చదవడం రాని వయసులో చూసినవాళ్లకి కూడా ఇది పనిచేయడం చూశాను.

ఆ రోజుల్లో మన ఊళ్లకి అసలు ఏ బొమ్మల పుస్తకాలు వచ్చేవి?

సైన్స్ ఫిక్షన్ మట్టుకు చెప్తాను. వెతికేటప్పుడు ఈ దారులన్నీ చూడాల్సిందే.

మొదటిది ఇంద్రజాల్ కామిక్స్. టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్లు 1964 మార్చిలో మొదలుపెట్టి 1990 దాకా వేశారు. ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ లాంటి భాషల్లో వచ్చింది. ముసుగు వీరుడు ఫాంటమ్, గారడీవాడు మాండ్రేక్‌తో పాటు ఫ్లాష్ గోర్డన్ కథలు కూడా ఇందులోనే వచ్చాయి. గ్రహాంతరాల కథ అంటే నేను ముందు చూసేది ఇక్కడే. హిందీలో ఫాంటమ్ పేరు వేతాల్. అందువల్ల “బేతాళుడి కథలో చూశాను” అనేవాళ్లు చందమామలో వెతికి వెతికి విసిగిపోతుంటారు. మీకు గుర్తున్న బేతాళుడికి ముఖానికి ముసుగు, ఒంటికి అతుక్కున్న బట్టలు ఉంటే, అది చెట్టు మీద శవంలోని బేతాళుడు కాదు.

రెండోది హిందీ కామిక్స్. డైమండ్ కామిక్స్ 1978లో మొదలైంది. అందులో ఫౌలాదీ సింగ్ కథల నిండా అంతరిక్ష నౌకలు, వేరే గ్రహాల శత్రువులు. తర్వాత 1980లలో రాజ్ కామిక్స్, తులసి కామిక్స్, మనోజ్ కామిక్స్ వచ్చాయి. రాయ్‌పూర్ నుంచి విజయనగరం వచ్చే రైలు దారి మీద ఉన్న రాయగడ లాంటి ఊళ్లలో పెరిగినవాళ్లు ఈ హిందీ వైపు ముందు చూడాలి.

బెంగాలీ దారి గంజాం వాళ్లది. ఆనందమేళా పత్రికలో టిన్‌టిన్ కథలు బెంగాలీలో సీరియల్‌గా వచ్చేవి. ఎరుపు, తెలుపు గళ్ల రాకెట్టు గుర్తుందంటే అది టిన్‌టిన్ చంద్రుడి మీదికి వెళ్లిన కథే. ఇందులో నాకు సందేహమే లేదు.

సోవియట్ పుస్తకాల దారి వేరు. మాస్కో ప్రగతి ప్రచురణాలయం, ఆ తర్వాత 1982 నుంచి రాదుగ, నేరుగా తెలుగులోనే పుస్తకాలు అచ్చువేసి పంపేవి. విశాలాంధ్ర వాళ్లు అమ్మేవాళ్లు. మందపాటి కాగితం, చిక్కటి రంగులు, చివరి పేజీలో రష్యన్ అక్షరాలు. అవి గుర్తుంటే ఇంక కామిక్స్ జోలికి పోనక్కర్లేదు. మాస్కోలో కూర్చుని ఆ తెలుగు అనువాదాలు చేసినవాళ్లలో ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన మన బరంపురంలోనే పుట్టారు. ఈ సంగతి బరంపురం పిల్లలకి బడిలో చెబితే ఎంత బాగుంటుందో!

ఇవి కాక, మద్రాసులో చుట్టాలున్న ఇళ్లకి శివకాశి తమిళ కామిక్స్, ఓడల్లో పనిచేసినవాళ్ల ఇళ్లకి బ్రిటిష్ పిల్లల పత్రికలు వచ్చేవి.

కథలో ఒక ముక్క చెబితే గుర్తుపట్టగలరా?

కొన్ని ముక్కలు వినగానే చెప్పొచ్చు.

మనిషి మాయమైపోతాడు, ఒక్క చెయ్యి మాత్రం గాల్లో కనిపిస్తుంది: బ్రిటిష్ కామిక్ స్టీల్ క్లా. 1962లో వాలియంట్ పత్రికలో మొదలైంది. ప్రమాదంలో చెయ్యి పోగొట్టుకున్న లూయీ క్రాండెల్‌కి ఉక్కు చెయ్యి పెడతారు. కరెంటు షాక్ తగిలితే ఒళ్లంతా మాయమవుతుంది, ఉక్కు చెయ్యి తప్ప. తమిళంలో ఇది ముత్తు కామిక్స్‌లో వచ్చింది.

ఆకుపచ్చ ఒళ్లు, గుమ్మడికాయంత తల, సన్నటి కాళ్లూ చేతులు, గాల్లో తేలే కుర్చీ: శుక్రగ్రహం మెకాన్. 1950లో మొదలైన ఈగిల్ పత్రికలో డాన్ డేర్‌కి శత్రువు.

రెక్కల మనుషులు, ఆకాశంలో తేలే పట్నం, గడ్డం ఉన్న క్రూరుడైన చక్రవర్తి: ఫ్లాష్ గోర్డన్, మోంగో గ్రహం.

గురుగ్రహం నుంచి వచ్చిన పొడుగాటి మనిషి, కోపం వస్తే ఎక్కడో అగ్నిపర్వతం పేలుతుంది: చాచా చౌదరీ కథల్లో సాబూ. ఇది సైన్స్ ఫిక్షనా కాదా అని నన్ను అడగొద్దు, పిల్లలకి అది అంతరిక్షమే.

గారడీవాడి కథలో లక్షల గ్రహాల చక్రవర్తి వస్తే అది మాండ్రేక్, చక్రవర్తి పేరు మాగ్నాన్. చాలామంది గారడీవాడి కథల్లో రాకెట్టు ఎందుకుంటుందిలే అని వీటిని వదిలేస్తారు. వదలకండి.

“భూమి అంతా ఎడారి అయిపోతుంది, ఒక కుర్రాడు, ఒక రోబో మిగులుతారు” లాంటి ముక్క మాత్రం చాలా కథలకి సరిపోతుంది. అలాంటప్పుడు కథ కన్నా చిన్న వస్తువు మేలు చేస్తుంది: రోబో కళ్లు గుండ్రంగా ఉన్నాయా పలకగా ఉన్నాయా, కుర్రాడి చొక్కా మీద అంకె ఏదైనా ఉందా.

అట్ట చిరిగిపోయింది. మధ్యలో కొన్ని పేజీలే ఉన్నాయి. ఏ కాలందో తెలుస్తుందా?

తెలుస్తుంది. అట్ట కన్నా లోపలి పేజీలే ఎక్కువ సాక్ష్యం చెబుతాయి.

నా దగ్గర ఒక పాత అద్దె పుస్తకాల షాపు బైండు ఉంది. నాలుగు కామిక్స్ కలిపి ట్వైన్ దారంతో కుట్టి, ఖాకీ అట్ట వేశారు. అంచులు సమంగా ఉండాలని కోత మిషన్‌లో కోయించేసరికి ప్రతి పేజీకీ పైన వేలెడు మేర పోయింది, పేజీ పైన ఉండే కథ పేర్లలో సగం అక్షరాలు దాంతో పాటే పోయాయి. అద్దె పుస్తకం చదివిన చాలామందికి కథ పేరు గుర్తుండకపోవడానికి ఇదొక కారణం. వాళ్లు ఆ పేరు చూసి ఉండరు. పిన్నులు తుప్పుపట్టి కాగితం మీద గోధుమరంగు మరకలు పడ్డాయి. మొదటి పేజీలోనూ మధ్యలోనూ ఊదారంగు రబ్బరు స్టాంపు. అందులో ఊరు రాయగడ, జిల్లా కోరాపుట్.

ఆ స్టాంపే పెద్ద ఆధారం. రాయగడ, గజపతి, మల్కనగిరి జిల్లాలు 1992 అక్టోబర్ 2న ఏర్పడ్డాయి. రాయగడ, గుణుపురం, మల్కనగిరి అంతకు ముందు కోరాపుట్ జిల్లాలోవి, పర్లాకిమిడి గంజాంలోది. పాత జిల్లా పేరుతో స్టాంపు ఉంటే ఆ స్టాంపు చేయించింది 1992కి ముందు. అయితే షాపువాళ్లు పాత స్టాంపునే ఇంకొన్నాళ్లు వాడి ఉండొచ్చు కాబట్టి దాని ఒక్కదాని మీదే తీర్పు చెప్పేయకండి.

తర్వాత ప్రకటనలు చూడండి. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే ఆ సంచిక 1972 ఆగస్టు 15 తర్వాతది, ఆ రోజునుంచే పిన్ కోడ్‌లు వచ్చాయి. ‘మద్రాసు–26’ అని రెండంకెలతో ముగిస్తే చాలావరకు అంతకు ముందుది. ధర నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్య. బొంబాయి 1995లో ముంబయి అయింది, మద్రాసు 1996లో చెన్నై అయింది.

నెల తెలుసుకోవడానికి కూడా ఒక దారి ఉంది. రిజిస్టరైన పత్రికలు ఏటా ఫిబ్రవరి ముగిశాక వచ్చే మొదటి సంచికలో ‘ఫారం 4’ పేరుతో యజమాని, సంపాదకుడు, ముద్రాపకుడి వివరాలు అచ్చువేయాల్సి ఉండేది. మీ చిరిగిన పేజీల్లో ఆ ప్రకటన కనిపిస్తే అది దాదాపుగా మార్చి సంచికే. ఇక అట్ట లోపలో చివరి పేజీ అడుగునో ‘ముద్రించినవారు, ప్రచురించినవారు’ అని చీమ తలకాయలంత అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. పిల్లలు ఎవరూ చదవని వరుస అది. ఇప్పుడు ముందు చదవాల్సింది దాన్నే.

ఇంద్రజాల్ అయితే నంబరు చూడండి. 443 దాకా వరస నంబర్లు. ఆ తర్వాత సంపుటం, సంచిక అని వేరే లెక్క మొదలైంది. పాత పుస్తకాలు అమ్మేవాళ్లు ఈ రెండు లెక్కలూ కలిపేస్తుంటారు, జాగ్రత్త.

ఏ ఏడాది చదివానో ఎలా తేల్చుకోవాలి?

తరగతి గుర్తురాకపోతే ఊరంతా మాట్లాడుకున్న సంఘటనలకి కట్టి చూడండి. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందని జనం హడలిపోయింది 1979 జూలైలో. పట్టపగలే చీకటి పడిన సంపూర్ణ సూర్యగ్రహణం 1980 ఫిబ్రవరి 16. రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్లింది 1984 ఏప్రిల్. హేలీ తోకచుక్క 1986. “స్కైలాబ్ గొడవకి ముందే చదివానా?” అని తమని తాము అడిగి చూసుకుంటే చాలామందికి వెంటనే జవాబు వస్తుంది. రాకెట్ కథ చదివిన పిల్లలు ఆ రోజుల్లో దాన్నీ దీన్నీ కలిపి చెప్పుకునేవాళ్లు కదా.

అసలు అది పుస్తకమేనా? టీవీలో చూసిందేమోనని అనుమానం.

ఉండొచ్చు. దూరదర్శన్‌లో 1980లలో జెయింట్ రోబో, 1998లో కెప్టెన్ వ్యోమ్ వచ్చాయి. 1991లో ఆదిత్య 369 వచ్చాక మన తెలుగు పిల్లల ఊహలో టైమ్ మెషీన్ అంటే అదే. గొంతులు, సంగీతం గుర్తుంటే తెర. పేజీ తిప్పబోతూ ఆగిన క్షణమో, ‘సశేషం’ చూసి పడిన ఉక్రోషమో గుర్తుంటే పుస్తకం.

ఇంకోటి కూడా ఉంది. అది కథ కాకుండా ప్రకటన అయి ఉండొచ్చు. పాపిన్స్ పెప్పరమెంట్ల వాళ్లు రామ్, శ్యామ్ అనే ఇద్దరు కుర్రాళ్ల సాహసాలని కామిక్ లాగే పేజీ నిండా వేసేవాళ్లు. ఒకే పేజీలో మొదలై ఒకే పేజీలో అయిపోయిన కథ గుర్తుంటే, ఆఖరి గడిలో ఎవరైనా ఏదైనా తింటున్నారేమో గుర్తు తెచ్చుకోండి.

చందమామలో వచ్చిందని అనుకుంటున్నాను.

మాటలు బుడగల్లో ఉన్నాయా, బొమ్మ పక్కన కథగా ఉన్నాయా? 1947 జూలైలో మొదలైనప్పటినుంచి చందమామ ప్రధానంగా కథ ఒకవైపు, బొమ్మ ఒకవైపు ఉండే పత్రిక. సీరియళ్లు ఎక్కువగా జానపదాలు. అందులో రాకెట్టు కన్నా ఎగిరే గుర్రం దొరికే అవకాశం ఎక్కువ. బుడగలు బాగా గుర్తుంటే వేరే చోట వెతకండి.

బుడగలు లేవు, చందమామే అని నమ్మకం ఉంటే మన వైపు వాళ్లకి ఒక సౌకర్యం ఉంది. ఒడియాలో అదే పత్రిక జహ్నమాముగా వచ్చేది, బొమ్మలు అవే. తెలుగు సంచిక దొరక్కపోతే ఒడియా సంచికలో అదే బొమ్మ చూసి గుర్తుపట్టొచ్చు. ఎవరింట్లోనైనా జహ్నమాము కట్ట ఉందంటే వదలొద్దు.

ఇంట్లోవాళ్లని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే అలాగే అవుతుంది. గొంతు పెద్దగా ఉన్నవాళ్ల జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. విడివిడిగా అడగండి, మీ కథ ముందే చెప్పేయకండి.

“చిన్నాన్నా, ఎర్ర రాకెట్టు కథ నువ్వే తెచ్చావు కదా?” అని అడిగితే ఆయన “ఆఁ, నేనే తెచ్చానురా” అనేస్తాడు. “చిన్నాన్నా, నువ్వు మా కోసం ఏ పుస్తకాలు తెచ్చేవాడివి, ఎక్కడ కొనేవాడివి?” అని అడగండి. “నౌపడలో బండి మారేటప్పుడు స్టేషన్లో కొనేవాణ్ణి” అన్నాడనుకోండి, అది మీకు తెలియని కొత్త సంగతి. నౌపడ – గుణుపురం చిన్న రైలు 2004 దాకా నడిచింది. మెయిన్ లైన్ బండి కోసం ఎదురుచూసేటప్పుడు పిల్లలకి ఏదో ఒకటి కొనడం మామూలే. కొన్న చోటు తెలిస్తే భాష సగం తేలినట్టే.

పెద్దవాళ్లు అలసిపోతే ఆపేయండి. జవాబు మర్నాడు వాళ్లే ఫోన్ చేసి చెబుతారు.

అద్దె షాపులు మూతపడ్డాయి కదా. ఆ పుస్తకాలన్నీ ఎక్కడికి పోయాయి?

కొన్ని తూకానికి పోయాయి, కొన్ని పొట్లాలయ్యాయి. చాలా వరకు నీళ్ల పాలయ్యాయి. 2013 అక్టోబర్ ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని కుదిపేసింది. అటక మీద ట్రంకు పెట్టెల్లో ఉన్న పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఇంకా మిగిలి ఉన్న కట్టలు ఎంత విలువైనవో అందుకే చెబుతున్నాను. ఎవరింట్లోనైనా ఉంటే దయచేసి తూకానికి వేయకండి. పోగుచేసేవాళ్లని పిలిచి చూపించండి.

షాపు పోయినా దాన్ని నడిపినవాళ్లు ఊళ్లోనే ఉండొచ్చు. కిరాణాయో, జిరాక్స్ సెంటరో పెట్టుకుని ఉంటారు. మర్యాదగా వెళ్లి, సరుకు ఎక్కణ్ణుంచి తెప్పించేవారో అడగండి. “కటక్ నుంచి”, “విశాఖ నుంచి”, “కలకత్తా నుంచి” అన్న ఒక్క మాటతో వెతకాల్సిన చోటు బాగా తగ్గిపోతుంది.

ఏ లైబ్రరీలో వెతకాలి?

1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం కాపీ కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లైబ్రరీకి, ముంబయి, ఢిల్లీల్లో ఒక్కో లైబ్రరీకి పంపాలి. 1956 నుంచి పత్రికలకీ అది వర్తిస్తుంది. పంపాల్సింది ప్రచురణకర్తలు కాబట్టి అన్నీ ఉంటాయని ఆశ పెట్టుకోకండి. అయినా బరంపురం నుంచి హౌరాకి రాత్రి బండి ఎక్కితే పొద్దునకల్లా దిగొచ్చు, వెళ్లే ముందు మాత్రం కేటలాగు చూసుకోండి.

దగ్గరలో శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. అది తెలుగు కథల కోసం పుట్టింది, కామిక్స్ కోసం కాదు. కాకపోతే పత్రికలో వచ్చిన కథ అని అనుమానం ఉన్నప్పుడు అక్కడ అడగడం మేలు. పాత పుస్తకాల బజారు అంటే హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం, విజయవాడ లెనిన్ సెంటర్, కలకత్తా కాలేజ్ స్ట్రీట్. వీటిలో ఒడిశా సరిహద్దు వాళ్లకి నా సలహా కాలేజ్ స్ట్రీట్.

ఇంటర్నెట్‌లో ఎలా టైప్ చేయాలి?

కథంతా వాక్యంలా రాయకుండా, మామూలుగా కలిసి రాని రెండు మూడు వస్తువుల పేర్లు ఇంగ్లీషులో కొట్టండి: కామిక్, ఉక్కు చెయ్యి, అదృశ్యం. గ్రాండ్ కామిక్స్ డేటాబేస్‌లో అట్టల బొమ్మలు కూడా ఉంటాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పత్రికల స్కాన్లు ఉన్నాయి, కానీ పాత అచ్చు తెలుగుని కంప్యూటర్ సరిగ్గా చదవలేదు. మాట కొట్టి వెతికితే రాలేదంటే అది లేదని కాదు. ఓపిక తెచ్చుకుని పేజీలు తిప్పాల్సిందే.

చాట్‌బాట్‌ని అడగొచ్చా?

అడగండి. అది చెప్పిన పేరుని అనుమానంతోనే చూడండి. లేని పుస్తకానికి చక్కటి పేరు, సంవత్సరం కూడా అల్లేస్తుంది. బొమ్మ చూసేదాకా ఏదీ ఖాయం చేసుకోకండి.

దొరికినట్టే ఉంది. కానీ ఇదేనా అని సందేహం.

మీరు మొదట్లో రాసిన కాగితం ఇప్పుడు తీయండి. అందులో ‘కళ్లారా చూసింది’ అని గుర్తు పెట్టిన వాటిలో, ఇంకెవరూ ఊహించి చెప్పలేని చిన్నది ఒకటి ఎంచుకోండి: రోబో భుజం మీద పక్షి, తలుపు మీద గుండ్రటి గాజు. పుస్తకం చదవకండి, దాని కోసమే పేజీలు తిప్పండి. అది ఉంటే ఇదే. అది లేకుండా కథ మొత్తం సరిపోయినా నేనైతే ఒప్పుకోను. ఆ రోజుల్లో ఒకరి కథ చూసి ఇంకొకరు వేయడం బాగా ఉండేది.

రెండు పుస్తకాలు కలిసిపోయి ఒకటిగా గుర్తుండటం కూడా మామూలే, ముఖ్యంగా అద్దె బైండుల్లో చదివినవాళ్లకి. మొదటి సగం ఒకదానిలో దొరికి, ముగింపు వేరేగా ఉంటే నిరాశపడకండి. ఆ ముగింపు ఆ బైండులో పక్కన కుట్టిన పుస్తకానిదై ఉండొచ్చు. అదే సంవత్సరం, అదే కంపెనీ వేసినవి చూడండి.

ఎంత డబ్బు పెట్టొచ్చు?

చదవడానికే అయితే అట్ట లేని కాపీ చాలు, అది చవగ్గా వస్తుంది. లోపలి రెండు పేజీల ఫోటో పంపకుండా అడ్వాన్స్ అడిగేవాళ్లకి ఇవ్వకండి.

దొరికిన పుస్తకం స్కాన్ చేసి అందరికీ పంపొచ్చా?

మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ల దాకా, పేరు లేకుండా వచ్చినవాటికి అచ్చయినప్పటినుంచి 60 ఏళ్ల దాకా హక్కులుంటాయి. మనం వెతికే 1970, 80ల కామిక్స్ చాలావరకు ఇంకా ఆ గడువులోనే ఉన్నాయి. సొంతంగా చదువుకోవడానికి, పరిశోధనకి కొంత వెసులుబాటు ఉంది, మొత్తం పుస్తకం పంచిపెట్టడానికి లేదు. గుర్తుపట్టడానికి ఒకటి రెండు గడులు చూపిస్తే సరిపోతుంది.

మేం సిరొంచ, నాందేడ్ వైపు వాళ్లం. మాకూ ఇదే పద్ధతేనా?

పద్ధతి అదే, దారులు వేరు. ఒడియా చోట మరాఠీ పెట్టుకోండి. జహ్నమాము బదులు చాందోబా, బెంగాలీ బదులు మరాఠీ ఇంద్రజాల్. ధర్మాబాద్, దెగ్లూర్ వాళ్లకి హైదరాబాద్ దగ్గర కాబట్టి ఆబిడ్స్ ఆదివారం బజారు ముందు చూడండి. బల్లార్షా వాళ్లు నాగపూర్ వైపునుంచి వచ్చిన హిందీ కామిక్స్‌తో మొదలుపెట్టండి.